ఒక్క కడుపున పుట్టినవాళ్లు, ఒకే సుగరు: కుటుంబాల్లో జన్యువు వెతికే ప్రాజెక్టు డైరీ

పని ఇదీ: టైప్ 2 మధుమేహం ఒకే ఇంట్లో అప్పకీ తమ్ముడికీ వస్తోంటే అందులో రక్తం వాటా ఎంత, వంటింటి వాటా ఎంత అని చూడడం. కుటుంబాలు కొన్ని శ్రీకాకుళం జిల్లా సోంపేట, కవిటి వైపువి, కొన్ని ఆమదాలవలస, నరసన్నపేట వైపువి. ఇదే పని ఇంకో జిల్లాలో మొదలుపెట్టేవాళ్లు ఇక్కడ పోయిన నెలల్ని మళ్లీ పోగొట్టుకోకూడదని ఈ రాత. ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చి, మొదటి గడప ఎక్కిన దగ్గర్నుంచి మొదలు.

దశ 1: వంశవృక్షం, రెండుసార్లు

తొలి జాబితాలో 22 కుటుంబాలు, 198 మంది. చేర్చుకునే షరతు ఒకటే. ఒక్క తల్లీ ఒక్క తండ్రీ బిడ్డల్లో కనీసం ఇద్దరికి 35 ఏళ్లు దాటాక సుగరు వచ్చి ఉండాలి. అరుగు మీద కూర్చుని "అన్నదమ్ములు, అప్పచెల్లెళ్లు ఎంతమంది?" అని అడిగితే వచ్చే సంఖ్యలో పెదనాన్న కొడుకులూ, పిన్ని కూతుళ్లూ కలిసే వస్తారు. వాళ్లు చెప్పింది నిజమే, మన భాషలో పెదనాన్న కొడుకు అన్నే. అడిగిన మాటలోనే తప్పుంది. సొంత తోబుట్టువులు సగటున సగం జన్యువులు పంచుకుంటారు. పెదనాన్న బిడ్డలతో పంచుకునేది ఎనిమిదో వంతు. వరసకి అన్నని సొంత అన్నగా గీస్తే తర్వాత వేసే ప్రతి లెక్కా చెడుతుంది.

చెట్లన్నీ చింపి మళ్లీ గీశాం. రెండోసారి అడిగిన ప్రశ్నలు, ఇదే వరసలో:

1. "ఒక్క తల్లి కడుపున పుట్టినోళ్లు ఎంతమందమ్మా? పోయినోళ్లని కూడా కలిపి చెప్పండి."
2. "అందరికీ నాన్న ఒక్కరేనా?" ఇది నలుగురి ముందు అడిగే ప్రశ్న కాదు. ఆడ కార్యకర్త, ఇంట్లో పెద్దావిడని విడిగా అడగాలి.
3. "ఎవరినైనా పెంపకానికి తెచ్చుకున్నారా, ఇచ్చారా?"
4. "పెళ్లికి ముందు మీ అత్తగారు మీకేమయ్యేవారు? మామగారు ఏమయ్యేవారు?"

నాలుగో ప్రశ్న బంగారం లాంటిది. "మీది మేనరికమా?" అని సూటిగా అడిగితే సిగ్గుపడి "కాదు, దూరపు చుట్టరికం" అంటారు. అత్తగారి వరస అడిగితే ఉన్నదున్నట్టు చెప్తారు. అత్తగారు అమ్మమ్మ అయ్యేదంటే మేనమామనే చేసుకుందని అర్థం. మేనత్త అంటే మేనత్త కొడుకు. మామగారు మేనమామ అంటే మేనమామ కొడుకు. "ఏమీ కారు, బయట సంబంధం" అంటే వంశవృక్షంలో ఆ దంపతుల మధ్య ఒక గీత చాలు, మిగతా వాటికి జంట గీత గీయాలి.

ఈ జంట గీతలు అసలు పథకాన్నే మార్చేశాయి. మామూలుగా ఇలాంటి పనిలో భార్యాభర్తల్ని పోలికకి వాడతారు: ఒకే పొయ్యి మీద వండింది తింటారు, రక్తం వేరు. కాబట్టి తోబుట్టువుల పోలిక ఎక్కువగా ఉండి, దంపతుల పోలిక తక్కువగా ఉంటే అందులో రక్తం పాత్ర ఉందనుకోవచ్చు. ఇక్కడ గీసిన 41 జంటల్లో 16 మేనరికాలు. ఆ 16 జంటల్లో వంటిల్లూ ఒకటే, రక్తమూ కొంత ఒకటే. వాళ్లని పోలికలోంచి తీసేశాం. మొదటి చెట్ల ప్రకారం లెక్క వేసి ఉంటే దంపతుల పోలిక ఎక్కువగా తేలి, "ఇదంతా తిండి వల్లే" అనే తప్పుడు తీర్పు వచ్చేది.

సుగరు పుట్టిన ఏడు ఎవరికీ గుర్తుండదు, తుఫానులు గుర్తుంటాయి. "తిత్లీకి కొబ్బరి చెట్లు పడిపోయాయి గదా, అప్పటికే మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగితే జవాబు తడుముకోకుండా వస్తుంది. వాడిన గుర్తులు: తిత్లీ (2018 అక్టోబరు 11), హుద్‌హుద్ (2014 అక్టోబరు 12), ఒడిశా పెనుతుఫాను (1999 అక్టోబరు 29), ఎన్టీఆర్ మొదటిసారి ముఖ్యమంత్రి అయిన 1983 జనవరి. అప్పుడు కూడా తెలిసేది సుగరు బయటపడ్డ ఏడే. కాలిపుండు మానక ఆసుపత్రికి వెళ్తే బయటపడిన కేసుల్ని వేరే గుర్తుతో రాశాం. వాళ్లకి జబ్బు చాలా ముందే మొదలై ఉంటుంది.

పేర్ల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. తాత పేరు మనవడికి పెడతారు. అరసవల్లి సూర్యనారాయణ, సింహాచలం అప్పన్న ప్రతి ఇంట్లో ఉంటారు. ఒక కుటుంబంలో ఒకే ఇంటిపేరుతో నలుగురు సూర్యనారాయణలు తేలారు. గొట్టం మీద పేరు రాయడం ఆ రోజే మానేశాం. కుటుంబం, తరం, మనిషి: 07-2-03. పేరూ అంకే కలిసి ఉండే పుస్తకం ఒకటే, అది తాళం కింద.

ఇప్పటిదాకా లెక్క: 22 కుటుంబాల్లో 5 తీసివేత (3 చోట్ల వరస తోబుట్టువులు, 1 చోట రెండో భార్య బిడ్డలు, 1 చోట పెంపకం బిడ్డ). మిగిలినవి 17 కుటుంబాలు, 151 మంది.

దశ 2: చక్కెర కొలత

151 మందిలో 118 మంది వచ్చారు. 47 మంది అప్పటికే మందుల మీదున్నారు. 71 మందికి గ్లూకోజు తాగించి రెండు గంటల పరీక్ష చేయాలి. డెసిలీటరు రక్తానికి పరగడుపున 126 మి.గ్రా. లేదా రెండు గంటలకి 200 మి.గ్రా., ఆపైన ఉంటే సుగరు ఉన్నట్టు.

ఇక్కడ జరిగిన పెద్ద తప్పు గ్లూకోజు పొడిలో. పరీక్షకి కావాల్సింది నీరు లేని గ్లూకోజు 75 గ్రాములు. మందుల దుకాణంలో కొన్న డబ్బా మీద సన్నని అక్షరాలతో మోనోహైడ్రేట్ అని ఉంది, అంటే పొడిలో నీటి బరువు కలిసే ఉంది. ఆ పొడి 75 గ్రాములు తూస్తే అసలు గ్లూకోజు 68 గ్రాములే. సరిపడాలంటే 82.5 గ్రాములు తూచాలి. 26 మందికి తాగించాక ఇది కనిపించింది. ఆ 26లో నలుగురికి తక్కువ మోతాదుతోనే 200 దాటింది, వాళ్లకి మళ్లీ అక్కర్లేదు. 22 మందిని మళ్లీ పిలిస్తే 19 మంది వచ్చారు. విటమిన్లు, రుచులు కలిపిన డబ్బాలు అసలు ముట్టుకోవద్దు.

చివరికి స్థిరపడ్డ పద్ధతి:

1. ముందు మూడు రోజులు అన్నం తగ్గించకూడదు. "పరీక్ష కదా" అని పూట మానేసి వచ్చేవాళ్లని వెనక్కి పంపాలి.
2. రాత్రి 9 తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. టీ వద్దు, చోడి అంబలి వద్దు, చుట్ట వద్దు. ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పాలి. "ఏమీ తినకండి" అంటే టీ తాగి వస్తారు, టీ తిండి కాదు గదా.
3. పరగడుపు రక్తం తీశాక 82.5 గ్రాముల పొడి 300 మి.లీ. నీళ్లలో కలిపి, కొంచెం నిమ్మరసం పిండి, 5 నిమిషాల్లో తాగించాలి.
4. మొదటి గుక్క పడ్డప్పుడే గడియారం మొదలు.
5. రెండు గంటలూ కూర్చోబెట్టాలి. వాంతైతే పరీక్ష రద్దు.

అయిదోది రాసింది ఇద్దరి వల్ల. మధ్యలో లేచి పశువులకి మేత వేసి వచ్చారు. నడిస్తే కండరాలు చక్కెర లాగేస్తాయి, రెండో అంకె తగ్గుతుంది. అప్పట్నుంచి పిలిచే ముందురోజే "పశువుల్ని ఎవరు చూస్తారు?" అని అడుగుతున్నాం.

రెండో తప్పు ప్రయాణంలో. గొట్టంలో ఉన్న రక్తకణాలు చక్కెర తింటూనే ఉంటాయి, మామూలు వేడిలో గంటకి 5 నుంచి 7 శాతం. ఫ్లోరైడ్ ఉన్న బూడిద మూత గొట్టం దీన్ని ఆపుతుంది గానీ వెంటనే కాదు, మొదటి గంట రెండు గంటలు తరుగుదల సాగుతూనే ఉంటుంది. సోంపేట నుంచి శ్రీకాకుళం ల్యాబుకి చేరేసరికి రెండున్నర గంటలు. 12 మంది దగ్గర జంట గొట్టాలు తీసి చూశాం: ఒకటి అక్కడికక్కడే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి రక్తకణాల్ని వేరుచేసింది, ఒకటి ప్రయాణం చేసింది. సగటు తేడా 7 మి.గ్రా. చిన్నదనిపిస్తుంది. కానీ 129 ఉన్నవాడు 122 అవుతాడు, సుగరు ఉన్న మనిషి "లేదు" గడిలో పడతాడు. ఎనిమిది గొట్టాల చిన్న సెంట్రిఫ్యూజ్, ఒక ఇన్వర్టర్, ఐసు పెట్టె కొన్నాం. రక్తం తీసిన 30 నిమిషాల్లో తిప్పి ప్లాస్మా వేరు చేయడం నియమం. ఈ ప్రాజెక్టులో పెట్టిన ఖర్చుల్లో బాగా పనికొచ్చింది ఇదే.

వేలి చుక్క మీటరుతో పని కానివ్వొద్దు. 100 మి.గ్రా. పైన ఆ మీటర్లకి ఉన్న ప్రమాణమే అటూ ఇటూ 15 శాతం. రక్తం తక్కువున్న ఆడవాళ్లలో అది ఎక్కువ చూపిస్తుంది కూడా.

సంక్రాంతికి హైదరాబాదు, చెన్నై, గుజరాత్‌లోని వేరావల్ వెళ్లినవాళ్లంతా ఇంటికొస్తారు, చెట్టు నిండా మనుషులు. అందుకే మొదటి శిబిరం కనుమ మర్నాడు పెట్టాం. పొరపాటు. ఎనిమిది గంటలు కడుపు ఖాళీగా ఉన్నవాళ్లు దొరకలేదు. ఆ రోజుల్లో వంశవృక్షం సరిచూసుకోవడం, డీఎన్‌ఏ రక్తం తీయడం వరకే చేయాలి. గ్లూకోజు పరీక్ష పండగ హడావుడి తగ్గాక.

ఇప్పటిదాకా లెక్క: 71 పరీక్షల్లో 7 రద్దు (3 మళ్లీ రానివి, 2 వాంతులు, 2 మేత). 64 సరైనవి, వాటిలో కొత్తగా బయటపడ్డ సుగరు 11. మందుల మీదున్న 47తో కలిపి 58 మందికి సుగరు. ఉందో లేదో తేలినవాళ్లు మొత్తం 111.

దశ 3: టైప్ 2 కానివాటిని ఏరడం

సుగరంతా ఒకే జబ్బనుకుంటే జన్యువు ఎప్పటికీ దొరకదు. ఏరిన తీరు:

- 25 ఏళ్లలోపు మొదలై, వరసగా మూడు తరాల్లో ఉండి, లావు లేని కుటుంబం: ఒకే జన్యువు లోపంతో వచ్చే మోడీ (MODY) అనే రకం మధుమేహం కావచ్చు. జీసీకే, హెచ్ఎన్ఎఫ్1ఏ జన్యువులు చదివించాలి. హెచ్ఎన్ఎఫ్1ఏ అయితే ఇన్సులిన్ బదులు సల్ఫోనైల్‌యూరియా మాత్రతో సరిపోయే అవకాశం ఉంది. ఆ ఇంటికి ఇది చాలా పెద్ద మాట. 1 కుటుంబం.
- తల్లి వైపు నుంచే వస్తూ, చెవుడు కూడా ఉంటే: మైటోకాండ్రియాలో 3243వ స్థానం చూడాలి. వయసు పెరిగేకొద్దీ ఈ మార్పు రక్తంలో తగ్గిపోతుంది, మూత్రంలోని కణాల్లో బాగా దొరుకుతుంది. 1 కుటుంబం.
- బక్కగా ఉండి, చిన్నప్పట్నుంచి కడుపునొప్పి ఉన్న మనిషి: స్కానింగులో క్లోమంలో రాళ్లు కనిపించాయి. 1 మనిషి.

ఉద్దానం వైపు ఇంకో మెలిక ఉంది. అక్కడ సుగరూ బీపీ లేకుండానే కిడ్నీలు పాడవుతున్న మనుషులు చాలామంది. కిడ్నీ దెబ్బతింటే ఎర్రకణాల ఆయుష్షు తగ్గి మూడు నెలల సగటు పరీక్ష, అంటే హెచ్‌బీఏ1సీ, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఇనుము లోపం ఉంటే ఎక్కువ చూపిస్తుంది. ఏజెన్సీ వైపు సంబంధాలున్న ఇళ్లలో సికిల్ సెల్ లక్షణం కూడా ఆ అంకెని చెడగొట్టగలదు. కాబట్టి హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్నే నమ్మి ఎవరినీ ఏ గడిలోనూ వేయలేదు. అందరికీ కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష చేశాం, 9 మందికి ఎక్కువ వచ్చింది. అలాంటివాళ్లు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపాలి. కిడ్నీ వడపోత అంకె (ఈజీఎఫ్ఆర్) 30 కన్నా తగ్గితే ఆ మందు ఆపాల్సిందే. పరిశోధన లెక్క తర్వాత చూసుకోవచ్చు.

ఉద్దానంలో రక్తం అడిగితే ఎదురొచ్చే మొదటి ప్రశ్న "రిపోర్టు ఎప్పుడిస్తారు బాబూ?" ఎన్నో బృందాలు వచ్చి తీసుకెళ్లిన ఊళ్లవి. చక్కెర, క్రియాటినిన్ కాగితం మూడు రోజుల్లో చేతికి, కవర్లో పెట్టి, ఆ మనిషికే. పక్కింటివాళ్ల ముందు చదవకూడదు. "సుగరు ఇల్లు" అనే పేరు పడితే ఆ ఇంటి ఆడపిల్లకి సంబంధాలు తప్పిపోతాయి. ఒప్పుకోలు పత్రంలో "జన్యు పరీక్ష" అన్న మాటకి భయపడ్డారు. "మీ ఇంటి రక్తంలో సుగరు ఎలా దిగుతోందో చూసే పరీక్ష" అని మార్చి, ఆ పత్రాన్ని మళ్లీ కమిటీకి పంపి అనుమతి తెచ్చుకున్నాం. నెల పోయింది, పోనివ్వండి.

ఇప్పటిదాకా లెక్క: పైన ఏరిన రెండు కుటుంబాల్నీ, ఒక మనిషినీ పక్కన పెడితే 15 కుటుంబాలు, 95 మంది, అందులో సుగరున్నవాళ్లు 48.

దశ 4: గొట్టాలు, డీఎన్‌ఏ

మంచం దిగలేని పెద్దవాళ్లు 9 మందికి బుగ్గ లోపల దూదిపుల్లతో తీశాం. ఆ 95తో కలిపి మొత్తం 104.

డీఎన్‌ఏ రక్తానికి వాడే ఊదా మూత గొట్టాలు అయిపోయిన రోజు ఎవరో ఆకుపచ్చ మూతవి వాడారు. వాటిలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఉంటుంది, అది పీసీఆర్‌ని (డీఎన్‌ఏ ముక్కకి నకళ్లు తీసే పద్ధతిని) ఆపేస్తుంది. డీఎన్‌ఏ నిండుగా ఉన్నా ఫలితం ఉండదు, కారణం తెలియక వారం పోతుంది. అవి 6. మళ్లీ రక్తం ఇచ్చినవాళ్లు 4.

3 మి.లీ. రక్తానికి ఉప్పుతో వేరుచేసే పద్ధతి, ఖర్చు తక్కువ:

1. మూడింతల ఎర్రకణాల విచ్ఛిన్న ద్రావణం పోసి 10 నిమిషాలు. తిప్పి పైది పారబోయాలి. అడుగున తెల్లగా తేలేదాకా మళ్లీ.
2. 3 మి.లీ. కేంద్రక విచ్ఛిన్న ద్రావణం, 10 శాతం ఎస్‌డీఎస్ 0.2 మి.లీ., ప్రోటీనేజ్-కే ద్రావణం 0.5 మి.లీ. రాత్రంతా 37 డిగ్రీల్లో.
3. ఇక కరగనంత ఉప్పు కరిగించిన నీరు 1 మి.లీ. 15 సెకన్లు గట్టిగా కుదపాలి.
4. నిమిషానికి 2,500 చుట్లతో 15 నిమిషాలు. పైతేట వేరే గొట్టంలోకి.
5. రెండింతల ఇథనాల్. మెల్లగా తలకిందులు చేస్తే దారప్పోగులా డీఎన్‌ఏ తేలుతుంది. దాన్ని టీఈ ద్రావణంలో కరిగించాలి.

మూడో మెట్టు దగ్గర డీఎన్‌ఏ తెగుతుందని భయపడి మెల్లగా ఊపితే ప్రోటీను పూర్తిగా దిగదు. డీఎన్‌ఏ శుభ్రతని చూపే 260/280 నిష్పత్తి 1.5 దగ్గర ఆగింది, రావాల్సింది 1.8. మెల్లగా ఊపాల్సింది అయిదో మెట్టులో మాత్రమే.

బుగ్గ పుల్లలు 9లో 5 విఫలం. ఆ అయిదుగురూ అడ్డపొగ తాగే, అంటే చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకునే ముసలమ్మలే. నోట్లో మసి, పొగాకు పుల్లకి అంటుకుని వస్తున్నాయి. మూడుసార్లు నోరు పుక్కిలించి, అరగంట ఆగి, పొగ తగిలే అంగిలి జోలికి పోకుండా కింది బుగ్గ లోపల 30 సెకన్లు రుద్దితే 3 దక్కాయి. "చుట్ట మానెయ్ అమ్మమ్మా" అని ఆ పూట ఉపన్యాసం ఇవ్వొద్దు. అరగంట ఆగమని అడిగితే ఆగుతారు.

గొట్టాలు తారుమారయ్యాయేమో చూడ్డానికి రెండు తనిఖీలు. అమెలోజెనిన్ జన్యువుతో ఆడా మగా తేలుతుంది: ఆడవాళ్లలో 106 పొడవున్న ఒకే పట్టీ, మగవాళ్లలో 106, 112 రెండూ. తారుమారైన ఒక జంట గొట్టాలు ఇలాగే దొరికాయి. రెండోది 24 స్థానాల గుర్తుల పట్టిక, తల్లిదండ్రులకీ బిడ్డలకీ పొత్తు కుదురుతోందా అని. ముగ్గురి దగ్గర కుదరలేదు. ఒకటి పాత పేర్ల చీటీ తప్పు, ఆ సూర్యనారాయణల్లో ఒకరిది. మిగతా ఇద్దర్నీ లెక్కలోంచి తీసేశాం. కారణం ఏ కాగితం మీదా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. చెప్పబోమని ఒప్పుకోలు పత్రంలో ముందే ఉంది.

తర్వాత ఎక్కువ స్థానాలు చదివించేవాళ్లకి ఒక హెచ్చరిక. తోబుట్టువుల బంధుత్వ గుణకం (పంచుకునే జన్యువుల వాటాలో సగం) మామూలుగా 0.25. తల్లిదండ్రులు మేనత్త మేనమామ బిడ్డలైతే అది 0.281, తల్లి తన మేనమామనే చేసుకుంటే 0.3125. వృక్షం నుంచి ప్రతి జంటకీ రావాల్సిన అంకె ముందే కట్టుకోకపోతే, సరైన మనుషుల్నే తప్పని తీసేస్తారు.

ఇప్పటిదాకా లెక్క: 104లో డీఎన్‌ఏ దక్కినవి 100, తనిఖీలు దాటినవి 98.

దశ 5: అంకెలు ఒప్పుకోలేదు

ముందు చూడాలనుకున్నది టీసీఎఫ్7ఎల్2 జన్యువులోని ఆర్ఎస్ 7903146 స్థానం. 2006లో ఐస్లాండ్ పరిశోధకులు బయటపెట్టిన ఈ జన్యువుకీ సుగరుకీ ఉన్న సంబంధాన్ని 2007లో హైదరాబాదు సీసీఎంబీ బృందం పుణె వైపు రోగుల్లో కూడా చూపించింది. ఇక్కడ ప్రమాదపు అక్షరం టీ. ఒక్కో టీ ప్రమాదాన్ని సుమారు 1.4 రెట్లు పెంచుతుంది.

తల్లిదండ్రుల నుంచి జబ్బున్న బిడ్డకి టీ సగం కన్నా ఎక్కువసార్లు చేరుతోందా అన్నది పరీక్ష. రక్తం తీయకముందే వేయాల్సిన లెక్కని తీశాక వేశాం:

- టీ వాటా 0.30 అనుకుంటే, రెండు రకాల అక్షరాలూ ఉన్న తల్లి లేదా తండ్రి: 2 × 0.30 × 0.70 = 0.42.
- జబ్బున్న బిడ్డకి టీ చేరే అవకాశం: 1.4 ÷ 2.4 = 0.583. ఏ సంబంధమూ లేకపోతే 0.5.
- ఈ చిన్న తేడాని 80 శాతం నమ్మకంతో, 0.05 గీత దగ్గర (కాకతాళీయంగా అలా కనిపించే అవకాశం 5 శాతం మించకుండా) పట్టాలంటే పనికొచ్చే చేరికలు సుమారు 280.
- తల్లీ తండ్రీ బిడ్డా ఉన్న ఒక త్రయం ఇచ్చేది 2 × 0.42 = 0.84. అంటే సుమారు 330 త్రయాలు.
- మొత్తం జన్యురాశిని వెతికితే గీత చాలా కఠినం. అప్పుడు 1,700 దాకా.

మన దగ్గరున్న పూర్తి త్రయాలు 6. నడివయసులో వచ్చే జబ్బుకి తల్లిదండ్రులిద్దరూ బతికుండి దొరకడం అరుదు.

తల్లిదండ్రులు లేకపోతే సుగరున్న తోబుట్టువునీ లేని తోబుట్టువునీ పోల్చవచ్చు. అలాంటి జంటలు 31. కానీ 38 ఏళ్ల తమ్ముడికి ఇవాళ లేదంటే, రాదని కాదు. లేనివాళ్ల వయసు, రెండోవాళ్లకి జబ్బు బయటపడ్డ వయసు దాటి ఉండాలని నియమం పెడితే 14 జంటలు మిగిలాయి.

పెద్ద కుటుంబాల్లో జన్యు సహవాసం, అంటే జబ్బుతో పాటే ఏ డీఎన్‌ఏ ముక్క దిగుతోందో చూసే మెర్లిన్ అనే ప్రోగ్రాముకీ హద్దుంది. సంతానం సంఖ్యని రెట్టింపు చేసి, పైతరం నుంచీ బయట్నుంచీ వచ్చినవాళ్లని తీసేస్తే వచ్చే అంకె మెర్లిన్‌లో మామూలుగా 24 దాటకూడదు. మన పెద్ద కుటుంబంలో 19 మంది సంతానం, 9 మంది పైవాళ్లు: 38 − 9 = 29. ముక్కలు చేస్తే మేనరికపు ముడి తెగిపోతుంది, విలువైనదే అది.

2011లో దక్షిణాసియా ప్రజల్లో ఆరు కొత్త స్థానాలు దొరికిన అధ్యయనం మొదటి విడతకే 5,561 మంది రోగుల్నీ, 14,458 మంది జబ్బులేనివాళ్లనీ తీసుకుంది. 98 మందితో కొత్త జన్యువు దొరకదు. ఒకటి రెండు కుటుంబాల్లో టీ ఎక్కువ కనిపించిందని "శ్రీకాకుళం సుగరు జన్యువు" అని ఎవరైనా రాస్తే నమ్మొద్దు.

దశ 6: మార్చిన పని

1. మోడీ అనుమానమున్న కుటుంబానిదీ, చెవుడున్న కుటుంబానిదీ పని ముందుకి వచ్చింది. జన్యువు ఒక్కటే కారణమైన చోట ఒక్క ఇల్లు చాలు.
2. 15 కుటుంబాల్లో ఉందా లేదా అనే రెండు గడులు తీసేసి, చక్కెర అంకెనే వాడుతున్నాం, మందుల మీద లేనివాళ్ల వరకు. బయట సంబంధపు దంపతులు పోలికకి.
3. వృక్షాలు, కొలతలు, తూచిన గ్లూకోజు బరువు, రక్తం తీసిన నిమిషం, తిప్పిన నిమిషం అన్నీ ఒకే పట్టికలో. పెద్ద అధ్యయనంలో కలపాలంటే ముందు అడిగేవి ఇవే.
4. మిగిలిన డీఎన్‌ఏ ఒక్కొక్కటి మూడు గొట్టాల్లో, రెండు వేర్వేరు ఫ్రీజర్లలో. మంచు దానంతటదే కరిగించుకునే రకం ఫ్రీజరు వద్దు, అది రోజూ వేడెక్కి చల్లారుతుంది.
5. సుగరు లేని తోబుట్టువులందరికీ రెండేళ్లకోసారి మళ్లీ పరీక్ష.

తర్వాతి విడత సంక్రాంతి పోయిన పది రోజులకి, వలస వెళ్లేవాళ్లు సోంపేట, పలాసల్లో రైలెక్కకముందు. తీసుకెళ్లాల్సినవి: బూడిద మూతలు 120, ఊదా మూతలు 40, ఆకుపచ్చవి సున్నా. నీరు లేని గ్లూకోజు దొరికింది కాబట్టి ఈసారి తూకం 75 గ్రాములే, ప్రతి పొట్లం మీదా ఆ మాట రాయించాలి.